కనకాంబరం: వేరు చూసి నాటండి, చేతులు లెక్కించి పెంచండి



చంద్రగిరి మొదలు పలమనేరు, కుప్పం వరకు మన పల్లెల్లో ఏ వీధిలోకి పోయినా ఒక చిన్న చెట్టు కనబడుతుంది. బావి గట్టున, నీళ్ల తొట్టి పక్కన, పగిలిన బక్కెట్టులో, ఎక్కడ కాస్త తడి ఉంటే అక్కడ అది బ్రతుకుతుంది. నడుమెత్తుకు మించి పెరగదు. నిగనిగలాడే ముదురాకుపచ్చ ఆకులు ఏడాది పొడవునా రాలిపోక నిలిచి ఉంటాయి. కంకి మీద నారింజ రంగు పువ్వులు వరుసగా విచ్చుకుంటాయి. వాసన లేదు. అయినా మన ఆడబిడ్డల జడలో మల్లె పక్కన ఈ పువ్వు లేకపోతే ఆ దండ నిండినట్టుండదు. అదే కనకాంబరం.

కనకమంటే బంగారం, అంబరమంటే వస్త్రం. తమిళులు, కన్నడిగులు, మలయాళీలు దీనిని ఇంచుమించు ఇదే పేరుతో పిలుస్తారు. కొంకణి, మరాఠీ మాట్లాడేవారు అబోలి అంటారు. ఇది మన దక్షిణ దేశానికి, సింహళానికి సొంత మొక్క. పెరటి మొక్కగా దీనిని అందరూ ఎరుగుదురు. అయితే పెరట్లో పది చెట్లు పెంచడం వేరు, ఇరవై సెంట్ల చేనులో పెంచి దాని మీద ఇల్లు గడుపుకోవడం వేరు. పెరట్లో చెట్టు చస్తే మరొకటి నాటుకుంటాము. చేనులో చెట్లు చస్తే పిల్లల ఫీజులు ఆగిపోతాయి. గనుక ఈ పంట పెట్టదలచిన కుటుంబాలవారు ముందుగా రెండు సంగతులు ఆలోచించాలి. ఒకటి భూమిలో కనబడని వేరు. రెండవది ఇంట్లో కనబడే చేతులు. ఈ రెండూ సరిచూసుకున్నవారికి కనకాంబరం నమ్మకమైన పంట. చూసుకోనివారికి అది రెండేళ్ల ఆశ, మూడవ ఏట అప్పు.

పువ్వును గురించి కొంత

కనకాంబరం మన అడ్డసరం చెట్టుకు దగ్గరి చుట్టం. శాస్త్రజ్ఞులు దీనిని క్రాసాండ్రా ఇన్‌ఫండిబ్యులిఫార్మిస్ అంటారు. ఆ రెండవ మాటకు గరాటు ఆకారం గలది అని అర్థం. పువ్వును కంకి నుండి లాగి చూడండి. సన్నని గొట్టం, దాని చివర ఒక ప్రక్కకే విచ్చుకున్న విసనకర్ర వంటి రేకు కనబడతాయి. పువ్వులు కంకి అడుగు నుండి మొదలై పైకి విచ్చుకుంటూ పోతాయి. ఒక్కొక్క కంకి రెండు మూడు వారాల పాటు పూస్తుంది. కోసిన పువ్వు కూడా మల్లెలాగా సాయంత్రానికే నల్లబడదు. వాసన లేకపోయినా ఈ పువ్వుకు అంగడిలో విలువ రావడానికి దాని రంగు, ఈ నిలువ గుణమే కారణం.

ఎండిన కనకాంబరం కాయను నీటిలో వేస్తే టప్పున పేలి గింజలు ఎగిరిపడతాయి. ఈ ఆట ఆడని పల్లె పిల్లవాడు ఉండడేమో. పాశ్చాత్య దేశాలవారు దీనిని ఫైర్‌క్రాకర్ ఫ్లవర్, అనగా టపాకాయ పువ్వు, అని పిలవడానికి ఈ పేలుడే కారణం. చలి దేశాలలో దీనిని ఇండ్లలోపల కుండీలలో పెంచుకుంటారు.

మన వైపు రైతులు పెంచే రకాలు కొన్ని ఉన్నవి. గింజతో పెరిగే నారింజ రంగు నాటు రకం, పసుపు పువ్వుల లూటియా, ఎర్ర పువ్వుల సెబాక్యులిస్ పాతవి. అంగడిలో ఎక్కువ గిరాకీ ఉన్నది ఢిల్లీ కనకాంబరం. దీని పువ్వు పెద్దది, రంగు గాఢమైనది. అయితే దీని కణాలలో క్రోమోజోములు మూడు జతకట్లుగా ఉండడం చేత ఇది గింజ కట్టదు. కొమ్మ ముక్కలతోనే పెంచాలి. బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధనా సంస్థవారు అర్క అంబర, అర్క కనక, అర్క శ్రేయ, అర్క శ్రావ్య, అర్క చెన్న అనే రకాలను విడుదల చేశారు. కుప్పం, పలమనేరు వైపు వారికి బెంగళూరు దూరం కాదు. వీలున్నవారు అక్కడ విచారించవచ్చును.

భూమిలో ఏమున్నది?

మా ప్రాంతంలో ఒక సహోదరి కుటుంబం టమోటా తీసిన అర ఎకరంలో కనకాంబరం నాటుకున్నది. మొదటి సంవత్సరం తోట కన్నుల పండుగగా పూచింది. రెండవ ఏట వర్షాలు వెలిసిన తరువాత కయ్య నడుమ పది పన్నెండు చెట్లు ఎదుగుదల లేక గిడసబారి పోయాయి. ఆకుల అంచులు గులాబీ రంగుకు తిరిగి, తరువాత గోధుమ రంగై, చెట్టు వాలిపోయింది. నీరు చాలలేదని ఇంకొక తడి కట్టారు. ఎరువు చాలలేదని యూరియా చల్లారు. వాడిన చోటు చాపలాగా పరచుకుంటూ పోయి, ఆరు నెలలలో సగం తోట ఖాళీ అయినది. కూతురి కాలేజీ ఫీజు ఆ పువ్వుల మీదనే ఆధారపడి ఉన్నది.

చివరకు ఒక చెట్టును పారతో మట్టితో సహా తీసి, బక్కెట్టు నీళ్లలో కడిగి చూస్తే సంగతి బయటపడింది. వేరు నిండా బుడిపెలు. అవి నులిపురుగులు చేసిన ముడులు.

ఈ నులిపురుగు పొడవు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. కంటికి కనబడదు. పిల్ల పురుగు వేరు కొనలో నుండి లోపలికి దూరి, అక్కడే స్థిరపడి రసం పీలుస్తుంది. దాని చుట్టూ వేరు ఉబ్బి ముడి కడుతుంది. ఒక్కొక్క ఆడ పురుగు వందల గ్రుడ్లు పెడుతుంది. మన వేడి నేలల్లో నాలుగు వారాలలోపే మరొక తరం సిద్ధమవుతుంది. ఇది చేసిన గాయాలలో నుండి ఫ్యుజేరియం అనే శిలీంధ్రం ప్రవేశించి ఎండు తెగులు కలిగిస్తుంది. వేరుకు ముడి కట్టకుండా గోధుమ రంగు మచ్చలు చేసే మరొక జాతి నులిపురుగు కూడా కనకాంబరాన్ని ఆశిస్తుంది. ఒక్క తెగులు అయితే చెట్టు కొంత తట్టుకుంటుంది. పురుగు, శిలీంధ్రం రెండూ కలిసినప్పుడే తోట పోతుంది.

కంటికి కనబడని పురుగు పంటను పాడుచేయడం మన ప్రాంతానికి కొత్త సంగతి కాదు. 1970ల నడుమ శ్రీకాళహస్తి చుట్టుప్రక్కల శెనక్కాయలు నల్లబడి గిడసబారిపోయాయి. ఆ జబ్బుకు కాళహస్తి తెగులు అనే పేరే స్థిరపడింది. దానికి కారణం కూడా నులిపురుగే అని తరువాత పరిశోధనలో తేలింది. అది వేరే జాతి నులిపురుగు. అయితే చెట్టు పైన కనబడే జబ్బుకు కారణాన్ని భూమిలో వెదకవలెనన్న పాఠం మాత్రం రెండింటికీ ఒకటే.

మన రైతులు ముఖ్యంగా గమనించవలసినది ఇది. మదనపల్లె, పలమనేరు ప్రాంతాలలో టమోటా ప్రధాన పంట. టమోటా, వంకాయ, బెండ, మిరప పంటలను ఆశించే వేరుముడి నులిపురుగే కనకాంబరాన్నీ ఆశిస్తుంది. టమోటా తీసిన కయ్యలో వెంటనే కనకాంబరం నాటడం అంటే పురుగుకు భోజనం మార్చి పెట్టడమే.

కాబట్టి ఎకరాకు ఎంత పెట్టుబడి అని అడిగే ముందు, ఆ నేలలో ఇంతకుముందు ఏమి పండిందో చూడండి. పాత పంట ఇంకా నిలిచి ఉంటే నాలుగు మూలలా, నడుమనా ఒక్కొక్క మొక్కను నెమ్మదిగా మట్టితో సహా తవ్వి తీసి, వేరు కడిగి చూడండి. లాగి పెరికితే సన్న వేళ్లు తెగి భూమిలోనే ఉండిపోతాయి, ముడులు కనబడవు. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు. పావుగంట పని.

నేలను సిద్ధపరచుట

కనకాంబరానికి నీరు ఇంకిపోయే ఎర్ర గరప నేలలు బాగా సరిపోతాయి. అటువంటి నేలలు మనకు కొదువ లేదు. నీరు నిలిచే పల్లం మాత్రం పనికిరాదు. 2021 నవంబరులో తిరుపతి చుట్టుప్రక్కల కురిసిన కుండపోత వర్షాలు మీకు గుర్తుండే ఉంటాయి. ఈశాన్య ఋతుపవనాల వాన మన జిల్లాలలో అలా ఒక్కసారిగా పడుతుంది. గనుక నాటే ముందే నీరు బయటికి పోయే కాలువ తీసి ఉంచాలి.

నేలలో పురుగు ఉన్నట్టు అనుమానముంటే ఈ పనులు చేయండి.

మొదటిది, ఏప్రిల్, మే నెలలలో లోతుగా దున్ని ఎండనివ్వండి. కొద్దిపాటి నేల అయితే తడిపి, పలుచని పారదర్శక ప్లాస్టిక్ కాగితం పరచి, అంచులను మట్టితో కప్పి నాలుగు నుండి ఆరు వారాలు ఉంచండి. మన వైపు ఎండకు ఆ కాగితం క్రింద నేల బాగా కాగి, పై పొరలోని నులిపురుగులు, శిలీంధ్రాలు చాలావరకు చస్తాయి. నారుమడికి ఇది తప్పనిసరిగా చేయవలసిన పని.

రెండవది, ముందుగా ఒక కారు బంతి పూలు పెట్టండి. బంతి వేళ్లలో నులిపురుగులకు గిట్టని పదార్థం ఉన్నది. పంట అయిపోయిన తరువాత మొక్కలను పెరికి పారవేయక నేలలోనే కలియదున్నండి. బంతి మన ప్రాంతానికి కొత్త కాదు. పువ్వు అమ్ముకోవచ్చు, నేల శుభ్రపడుతుంది.

మూడవది, ఆఖరి దుక్కిలో ఎకరాకు 10 టన్నుల మాగిన పశువుల ఎరువు, 400 కిలోల వేపపిండి వేయండి. పది సెంట్లకు అయితే ఒక టన్ను ఎరువు, 40 కిలోల వేపపిండి సరిపోతాయి.

నాలుగవది, ట్రైకోడెర్మా విరిడి అనే మేలు చేసే శిలీంధ్రాన్ని వాడండి. 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా పొడి కలిపి, నీళ్లు చిలకరించి, నీడలో గోనెపట్టా కప్పి వారం పది రోజులు ఉంచితే అది అంతటా వ్యాపిస్తుంది. ఇది ఒక ఎకరానికి. నేలలో తడి ఉన్నప్పుడు చల్లి కలపాలి. దీనితోపాటు అదే సమయంలో శిలీంధ్రనాశక మందు వాడకండి. మందు ఈ మేలు శిలీంధ్రాన్ని కూడా చంపుతుంది.

ఒకప్పుడు నులిపురుగులంటే ఫోరేట్ గుళికలు చల్లడమే తెలిసిన వైద్యం. ఆ మందు వాడకాన్ని 2020 డిసెంబరు 31 నుండి మన దేశంలో నిషేధించారు. ఇంట్లో పాత డబ్బా మిగిలి ఉన్నా వాడకండి. కనకాంబరం వట్టి వ్రేళ్లతో కోసే పువ్వు. కోసిన చేతులతోనే తల్లి బిడ్డకు అన్నం పెడుతుంది.

నారు, కొమ్మ ముక్కలు

నాటు రకాలకు గింజ కావాలి. కాయ పండి గోధుమ రంగుకు తిరిగిన కంకులను వాన తగలకముందే కోసి, గిన్నెలో వేసి పైన గుడ్డ కట్టండి. లేకపోతే పేలి గింజలు ఎగిరిపోతాయి. ఒక్కొక్క కాయలో నాలుగు గింజలుంటాయి. పాత గింజ సరిగా మొలవదు, తాజా గింజనే చల్లాలి. ఎకరాకు 2 కిలోలు, పది సెంట్లకు 200 గ్రాములు చాలు. ఎత్తైన మడిలో పలుచగా చల్లి, పైన ఇసుక కప్పి, పూలచెంబుతో నీళ్లు పోయాలి. రెండు నెలల నారు నాటడానికి తగినది.

ఢిల్లీ రకానికి తెగులు లేని తల్లి చెట్టు నుండి జానెడు కంటే కొంచెం తక్కువ పొడవు కొమ్మ ముక్కలను, రెండు మూడు కణుపులు ఉండేటట్టు కోయాలి. అడుగు ఆకులు తీసివేసి, నీడలో ఇసుకలో గ్రుచ్చి తడి ఆరకుండా చూస్తే నెల రోజులకు వేరు పట్టుతాయి.

నారు కొనేవారికి ఒక మాట. చాలా తోటలకు నులిపురుగు మొదట నారుతోనే వస్తుంది. డబ్బు ఇచ్చే ముందు ఒక సంచిని చింపించి, మట్టి కడిగి వేరు చూడండి. తెల్లగా, నున్నగా ఉంటేనే తీసుకోండి. అడగడానికి మొగమాటపడకండి. ఆవును కొనేటప్పుడు పళ్లు చూడమా?

నాటడం, నీరు

జూలై నుండి అక్టోబరు వరకు నాటవచ్చును. అయితే నవంబరు వానలకు ముందే వేరు నిలద్రొక్కుకోవడానికి ఆగస్టు, సెప్టెంబరులలో నాటడం మన వైపు మేలు. బోదెలు వేసి, వరుసకు వరుసకు రెండడుగులు, చెట్టుకు చెట్టుకు ఒక అడుగు ఉంచండి. పది సెంట్లకు సుమారు 2,150 మొక్కలు పడతాయి. ఢిల్లీ రకం గుబురుగా పెరుగుతుంది గనుక చెట్ల మధ్య అడుగున్నర దాకా వదలాలి. కొంచెం నీడను ఈ చెట్టు సహిస్తుంది. కాబట్టి లేత మామిడి తోటలో, కొబ్బరి చెట్ల నడుమ కూడా పెంచవచ్చు.

వారానికి ఒక తడి, ఎండాకాలంలో అవసరాన్ని బట్టి ఇంకొకటి చాలు. బోర్లు వెయ్యి అడుగులు దాటి పోతున్న మన ప్రాంతంలో డ్రిప్పు వేసుకోగలిగితే నీరు మిగులుతుంది. దానికి ఇంకొక లాభమున్నది. కాలువ నీరు ఒక కయ్య నుండి మరొక కయ్యకు పారేటప్పుడు నులిపురుగులను కూడా మోసుకుపోతుంది. డ్రిప్పులో ఆ భయం తక్కువ. కాలువ నీరే కట్టేవారు జబ్బు ఉన్న కయ్యకు చివరను మడవ త్రిప్పండి. అక్కడ వాడిన పారను కడగకుండా ఇంకొక చోటికి తీసుకుపోకండి.

రసాయన ఎరువుల మోతాదును భూసార పరీక్ష చేయించి, ఉద్యానశాఖవారు చెప్పిన ప్రకారం వేయండి. వాడిపోయిన చెట్టుకు యూరియా వైద్యం కాదు. పూత అయిపోయిన కంకులను ఎప్పటికప్పుడు కత్తిరించివేస్తే చెట్టు బలం కాయకు పోక కొత్త కంకులకు పోతుంది.

తోటలో ఒక చెట్టు వాడితే తవ్వి తీసి, కాల్చివేయండి. ఆ గుంటలోను, చుట్టూ ఉన్న చెట్ల మొదళ్లలోను లీటరు నీటికి ఒక గ్రాము కార్బెండజిమ్ కలిపి తడపవచ్చు. పేనుబంక, తెల్లదోమ వస్తే ముందు వేపనూనె పిచికారీతో ప్రయత్నించండి. ఏ మందు కొట్టినా ఆనాటి పూలు కోసిన తరువాత సాయంత్రం కొట్టి, డబ్బా మీద వ్రాసిన గడువు గడిచేవరకు కోయకండి.

చేతుల లెక్క

ఇక రెండవ సంగతి. కనకాంబరం పువ్వు ఎంత తేలికైనదంటే కిలోకు సుమారు 15 వేల పువ్వులు తూగుతాయి. క్షణానికి ఒక పువ్వు చొప్పున ఆగకుండా కోసినా 15 వేల పువ్వులకు నాలుగు గంటలు దాటుతుంది.

నాటిన రెండు మూడు నెలలకు పూత మొదలై, తోట రెండు మూడు సంవత్సరాలు ఫలితమిస్తుంది. నాటు రకం బాగా పండితే సంవత్సరానికి ఎకరాకు సుమారు 800 కిలోలు, ఢిల్లీ రకం 1,100 కిలోల వరకు వస్తాయి. అర ఎకరం నాటు రకం తోట పెట్టినవారికి 400 కిలోలు. అనగా సంవత్సరానికి 60 లక్షల పువ్వులు! ఒక్కొక్కటి వ్రేళ్లతో కోయవలసినదే. దీనికి యంత్రం లేదు.

రోజు విడిచి రోజు కోయాలి. ఏడాదిలో 150 కోతలు అనుకుంటే అర ఎకరంలో కోతకు రెండున్నర కిలోలకు పైన పడుతుంది. అంటే ఒక మనిషికి పది పదకొండు గంటల పని. పూలు బాగా విచ్చే వేసవి నెలల్లో ఇంకా ఎక్కువ. ఎండ ఎక్కకముందే కోసి బస్సుకు అందించాలంటే నలుగురైదుగురు కావాలి. ఇంట్లో ఇద్దరే ఉంటే తక్కినవారికి కూలి ఇవ్వాలి. ధర పడిపోయిన రోజున పువ్వు డబ్బు కూలికే చాలదు. అప్పుడు చాలా ఇండ్లలో ఏమి జరుగుతున్నది? బడికి పోవలసిన పిల్లలను చీకటితో లేపి తోటకు తీసుకుపోతున్నారు. ఆ బిడ్డ తరగతిలో కూర్చొని కునుకుపాట్లు పడుతుంది. పద్నాలుగేళ్ల లోపు పిల్లలు ఇంటి పనికి సహాయపడడమన్నా అది బడి వేళల తరువాత, సెలవులలో మాత్రమే అని 2016లో సవరించిన చట్టం చెబుతున్నది. చట్టం మాట అటుంచినా, కూతురి ఫీజు కోసం పెట్టిన తోట కూతురి చదువునే తీసుకుపోకూడదు గదా.

కాబట్టి పిల్లలను లెక్కలో వేసుకోకుండా, పెద్దవారి చేతులు ఎన్ని ఉన్నవో చూసి సెంట్లు నిర్ణయించండి. 20 సెంట్లకు సంవత్సరానికి 160 కిలోలు, కోతకు సగటున కిలో. ఇద్దరు కూర్చుంటే రెండు గంటలు దాటిన పని. పూత ముమ్మరంగా ఉన్న రోజుల్లో నాలుగు గంటలు కావచ్చు. ఇద్దరున్న ఇంటికి 20 సెంట్లు సరియైన కొలత. నలుగురుంటే 40 సెంట్లు. ఈ కోతకు వెచ్చించిన గంటలను కూలిగా లెక్కకట్టి ఒక పుస్తకంలో వ్రాసుకోండి. తల్లి చేతులు, భార్య చేతులు ఊరకే వచ్చినవని అనుకోవడం చేతనే చాలా ఇండ్లలో లాభమెంతో తెలియడం లేదు. లాభం చూసిన రోజున ఆ చేతులకు కూడా వాటా ఉండాలి.

అంగడి

పూర్తిగా విచ్చిన పువ్వునే తెల్లవారుజామున కోసి, తడి గుడ్డ పరచిన వెదురు గంపలో వదులుగా నింపి నీడలో ఉంచాలి. అదిమితే రేకు నలిగి ధర తగ్గుతుంది. తిరుపతి, చిత్తూరు, మదనపల్లె అంగళ్లు దగ్గరవి. కుప్పం వైపు వారికి బెంగళూరు, సత్యవేడు, నగరి వైపు వారికి చెన్నై అందుబాటులో ఉన్నవి.

ధర మాత్రం నిలకడ లేనిది. పెళ్లి ముహూర్తాలు, పండుగలు కలిసినప్పుడు కిలో వెయ్యి రూపాయలు దాటిన రోజులున్నవి. ఆషాఢంలో పెళ్లిళ్లు లేనప్పుడు అదే పువ్వు అడిగేవారుండరు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి, పెళ్లిళ్లు ఆగి, అంగళ్లు మూతబడినప్పుడు పూల రైతులు పువ్వును కోయక చెట్ల మీదనే వదిలివేశారు. గనుక ఉన్న నేలంతా పూలకే పెట్టకండి. రాగులో, కూరగాయలో, ఇంటికి తిండి పెట్టే పంట ప్రక్కన ఉండనివ్వండి. ఇరుగుపొరుగు నాలుగు కుటుంబాలు కలిసి ఒకే ఆటోలో పువ్వు పంపుకుంటే ఖర్చు తగ్గుతుంది, వంతులవారీగా ఒక్కరే పోవచ్చు. ధర పడిన రోజున పువ్వును తూకానికి ఇవ్వక మల్లె, మరువంతో కలిపి కట్టి మూరల లెక్కన ఊరిలోనే అమ్ముకునే స్త్రీలు కొంత నిలద్రొక్కుకుంటున్నారు.

నేల లేనివారికి

సెంటు నేల లేనివారు కూడా నిరాశపడనక్కర లేదు. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు మాగిన ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి, అడుగున రంధ్రం పెట్టిన పాత బక్కెట్టు నింపండి. ఉదయపు ఎండ తగిలే చోట ఉంచి, పైమట్టి ఆరినప్పుడు నీళ్లు పోయండి. పూసిన కంకిని కత్తిరించండి. ఏడాదికొకసారి పై కొనలు త్రుంచితే గుబురుగా పెరుగుతుంది. రెండేళ్లకు మట్టి మార్చండి. పది బక్కెట్లుంటే ఇంటి ఆడవారికి జడపువ్వుకు కొదువ ఉండదు.

ముందు చెప్పిన ఆ సహోదరి కుటుంబం అర ఎకరంలో బంతి పెట్టి, వేసవిలో దున్ని ఎండనిచ్చింది. ఆ తరువాత ఇరవై సెంట్లలో మాత్రమే మళ్లీ కనకాంబరం నాటుకున్నది. తక్కినదానిలో రాగి వేసింది. కొత్త తోటలో ప్రతి మూడు నెలలకు ఒక చెట్టును తవ్వి వేరు కడిగి చూస్తున్నారు. మీరు కూడా నాటదలచుకుంటే నారుకు బయానా ఇవ్వడానికి ముందు ఒక పార, ఒక బక్కెట్టు నీళ్లు తీసుకొని చేనుకు వెళ్లండి. మీకు దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రంలోనో, ఉద్యానశాఖ కార్యాలయంలోనో నేల, వేరు చూపించి అడగండి. తిరిగి వచ్చి ఇంట్లో అందరూ కూర్చొని చేతులు లెక్కపెట్టుకోండి. ఆ తరువాతనే ఎన్ని సెంట్లో నిర్ణయించండి.